నగరంలో యాసలు: కొన్ని అపోహలు - వాస్తవాలు

మాటతీరుకూ సమాజానికీ ఉన్న సంబంధాన్ని చూసే సామాజిక భాషాశాస్త్రం నా రంగం అని తెలియగానే చాలామంది అడిగేది ఒకటే: ‘చదువు లేకే కదా కొందరు యాసలో మాట్లాడేది?’

అపోహ: చదువు, డబ్బు లేకపోవడం వల్లే యాస మిగిలిపోతుంది.

వాస్తవం: 1970లలో భాషాశాస్త్రవేత్త లెస్లీ మిల్రాయ్ ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో బాలీమకారెట్, క్లోనార్డ్, హ్యామర్ అనే మూడు కార్మికవాడల్లో 46 మంది మాటతీరును పరిశీలించారు. అందరివీ ఇంచుమించు ఒకేలాంటి బతుకులు. అయినా మాటలో తేడాలున్నాయి. అందుకని ఆమె పేటతో ఉన్న బంధాలను బట్టి మనిషి మనిషికీ 0 నుంచి 5 దాకా మార్కులు వేశారు. పేటలోనే చుట్టాలున్నారా? పేటవాళ్లతోనే కలిసి పనిచేస్తారా? పనయ్యాక కూడా వాళ్లతోనే తిరుగుతారా? మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లలో స్థానిక ఉచ్చారణ కూడా చాలావరకు గట్టిగానే ఉంది. అందరికీ అందరూ తెలిసిన చోట ఎవరైనా మాట మార్చితే ‘ఏంటి, పెద్దోడివైపోయావా?’ అని పక్కవాళ్లే అడ్డుకుంటారు. యాస అలా నిలబడుతుంది. దాన్ని వెనకబాటుతనం అనడం అన్యాయం.

అపోహ: యాస మగవాళ్లది, ఆడవాళ్లు ‘శుద్ధంగా’ మాట్లాడతారు.

వాస్తవం: బాలీమకారెట్‌లో మగవాళ్లకు దగ్గర్లోనే ఓడల తయారీ పని ఉండేది, వాళ్ల బంధాలూ గట్టివి, యాసా గట్టిదే. క్లోనార్డ్‌లో నార వస్త్రాల పరిశ్రమ దెబ్బతిని మగవాళ్లకు స్థానికంగా పని లేకుండా పోయింది. అక్కడి యువతులు మాత్రం ఒకే దుకాణంలో కలిసి పనిచేసేవారు. ‘మ్యాన్’, ‘హ్యాట్’ లాంటి ఇంగ్లిష్ మాటల్లోని అచ్చును నాలుక వెనక్కి లాగి పలికే స్థానిక పద్ధతి, తమ పేట కుర్రాళ్లకంటే ఈ అమ్మాయిల్లోనే ఎక్కువ.

అపోహ: కొత్త పోకడ ప్రాణస్నేహితుల ద్వారానే పాకుతుంది.

వాస్తవం: అచ్చును అలా పలకడం మొదట క్లోనార్డ్‌ది కాదు, ప్రొటెస్టెంట్లుండే తూర్పు బెల్‌ఫాస్ట్‌ది. క్లోనార్డ్ క్యాథలిక్కుల పేట. ఈ రెండు వర్గాల మధ్య అల్లర్ల రోజులవి, ఒకరి వీధిలోకి ఒకరు అడుగుపెట్టని కాలం. మరి ఎలా దాటింది? లెస్లీ, ఆమె భర్త, భాషాశాస్త్రవేత్త జేమ్స్ మిల్రాయ్ 1985లో ఇచ్చిన వివరణ నాకు ఈ రంగంలోనే అన్నిటికంటే నచ్చినది. ఆ దుకాణం రెండు వర్గాల సరిహద్దులో ఉంది, రెండు వర్గాల వాళ్లూ కొనడానికి వచ్చేవారు. ‘ఏం కావాలి’, ‘ఇంత అయింది’ అనే పాటి పరిచయమే, కానీ రోజూ, ఎందరితోనో. ఉద్యోగాల కబురు ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతుందని సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో వాదించారు. మిల్రాయ్‌లు ఆ ఆలోచనను భాషకు వర్తింపజేశారు. పలచని పరిచయం కొత్త పలుకును పేటలోకి తెస్తుంది, చిక్కటి స్నేహం దాన్ని అక్కడ స్థిరపరుస్తుంది. ఆ అమ్మాయిలకు రెండూ ఉన్నాయి.

అపోహ: టీవీ చూసి యాస మారిపోతుంది.

వాస్తవం: ఊతపదాలు తేలిగ్గా వస్తాయి. ఉచ్చారణ మారడానికి మాత్రం సాధారణంగా ఎదుటి మనిషి కావాలి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో పిల్లల మీద జరిగిన పరిశోధనలో టీవీ ప్రభావం కొంత కనిపించింది గానీ, అది ఒక్కటే కారణం కాదు.

అపోహ: యాసను పరిశీలించాలంటే ప్రశ్నలు రాసుకుని రికార్డర్ పట్టుకెళితే చాలు.

వాస్తవం: కొత్తవాళ్ల ముందు ఎవరైనా మాట సర్దుకుంటారు. మిల్రాయ్ ఆ ఇళ్లకు ‘మీ స్నేహితుడి స్నేహితురాలిని’ అని పరిచయం చేసుకుని వెళ్లారు. మన ఊళ్లలో ఈ పని చేయాలనుకునే విద్యార్థులకు నేను చెప్పేదీ ఇదే: ఫారంలో కులం, చదువు, జీతం గడులతో ఆగిపోకండి. పక్కింటివాళ్లెవరు, పనిలో తోడెవరు, సాయంత్రం ఎవరితో కూర్చుంటారు అన్నవి కూడా అడగండి.