ముప్పై లైన్ల సీఎస్ఎస్ చాలు: అఫిలియేట్ పేజీల గురించి అపోహలు, వాస్తవాలు

వెట్ గ్రైండర్లు, మిక్సీలు, కుక్కర్లలో ఏది కొనాలో తెలుగులో పోల్చి చెప్పి, కింద అమెజాన్ లింకు ఇచ్చే పేజీలు కట్టడం నా పని. ఆ లింకులోంచి ఎవరైనా కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది. వీటినే అఫిలియేట్ పేజీలంటారు. నేర్చుకుందామని వచ్చే కుర్రాళ్ళు మొదట అడిగేది "ఏ థీమ్ వాడాలన్నా?" అని. రెడీమేడ్ డిజైన్ల థీమ్ వద్దు, పేజీ ఎలా కనపడాలో బ్రౌజర్‌కి చెప్పే సీఎస్ఎస్ కోడ్ ముప్పై లైన్లు చాలంటే అసలు కిటుకు దాస్తున్నానని అనుకుంటారు.

అపోహ: పేజీ సాదాగా ఉంటే జనం నమ్మరు.

వాస్తవం: గ్రైండర్ కోసం వెతికే ఆవిడ మన పేజీ అందం చూడటానికి రాదు. లీటరున్నరదా రెండు లీటర్లదా, రాళ్ళు తీసి కడగడం సులువేనా, నలుగురున్న ఇంటికి ఏది సరిపోతుంది అన్నవి తెలుసుకుని వెళ్ళిపోతుంది. స్లైడర్ తిరుగుతూ, పాపప్ మీద పడుతూ ఉంటే ఆ మూడు ముక్కలూ దొరకవు. నా పేజీలన్నీ ఒకటే నిలువు వరుస. మ్యాక్స్-విడ్త్ (గరిష్ఠ వెడల్పు) 680 పిక్సెళ్ళు, వరుస మధ్యకి వచ్చేలా పక్కలకు ఆటో మార్జిన్, లోపల 16 పిక్సెళ్ళ ప్యాడింగ్ (అంచుకీ అక్షరాలకీ మధ్య ఖాళీ). ఫోన్ తెర వెడల్పుకి సరిపడా గీయమని బ్రౌజర్‌కి చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మర్చిపోతే మాత్రం ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే. ఫోన్ ఆ పేజీని కంప్యూటర్ తెర వెడల్పున గీసి, చీమల్లాంటి అక్షరాలు చూపిస్తుంది.

(అన్నట్టు, సీఎస్ఎస్ మొదటి ప్రమాణం, అమెజాన్ అఫిలియేట్ పథకం రెండూ 1996లోనే వచ్చాయి. ఈడూ జోడూ.)

అపోహ: ఇంగ్లీషు పేజీకి రాసిన సీఎస్ఎస్ తెలుగుకీ సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నేనూ పడ్డాను. మొదట్లో బటన్‌కి హైట్ 32 పిక్సెళ్ళని బిగించి, అది దాటింది కనపడకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టాను. "ఇక్కడ నొక్కండి" అన్న బటన్ ఫోన్‌లో "ఇకడ నొకండి" అని కనపడింది. కింద ఉండే క వత్తులు రెండూ తెగిపోయాయి. నా కంప్యూటర్‌లో బాగానే ఉంది కాబట్టి చాలా రోజులు నాకు తెలియనే లేదు. ఇప్పుడు బటన్‌కి హైట్ అన్నదే రాయను. పైనా కిందా 12 పిక్సెళ్ళ ప్యాడింగ్ ఇస్తే అక్షరం ఎంత ఉంటే బటన్ అంత పెరుగుతుంది.

లైన్-హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) సంగతీ అంతే. "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటల్లో వత్తు కింద వత్తు ఉంటుంది. 1.2 పెడితే పై లైను వత్తులు కింది లైను గుడుల్లో గుచ్చుకుంటాయి. నేను 1.7 పెడతాను, పక్కన పిక్సెల్ అని రాయకుండా ఉత్త అంకె. అప్పుడు హెడింగ్ పెద్దదైతే దాని లైన్ల మధ్య దూరమూ దాంతోపాటే పెరుగుతుంది. మండలి లాంటి ఫాంట్‌లో ఒకే మందం ఉంటుంది. దానికి బోల్డ్ అడిగితే బ్రౌజరే రంగు పులిమి లావు చేస్తుంది, అక్షరాల్లో సున్నాలు పూడుకుపోతాయి. ఇటాలిక్ జోలికి అసలు పోవద్దు. వర్డ్-బ్రేక్‌కి బ్రేక్-ఆల్ పెట్టారంటే "గ్రైండర్" సగం ఈ లైనులో, సగం ఆ లైనులో తేలుతుంది. లైనులో పట్టని మాటని మాత్రమే విరిచే ఓవర్‌ఫ్లో-ర్యాప్ వాడండి.

అపోహ: బటన్ ఆరెంజ్‌లో ఉంటేనే క్లిక్కులు పడతాయి.

వాస్తవం: మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు చెబుతాయి. మనవాళ్ళు మోజుపడే ఆ ఆరెంజ్ మీద తెల్ల అక్షరాలు పెడితే అది 2 దగ్గరే ఆగిపోతుంది. ఎండలో నిలబడి ఫోన్ చూసేవాళ్ళకి ఉత్త రంగు డబ్బా కనిపిస్తుంది. అదే రంగు మీద నల్ల అక్షరాలు పెట్టండి, 9 దాటుతుంది. బటన్ మీద ధర చేత్తో టైప్ చేయకండి. ధర రోజుకోలా మారుతుంది, పైగా అమెజాన్ నిబంధనలు అలా రాయనివ్వవు. "అమెజాన్‌లో ధర చూడండి" అంటే సరిపోతుంది.

అపోహ: బొమ్మ ఎంత పెద్దదైతే అంత అమ్మకం.

వాస్తవం: సైజు కన్నా బొమ్మకి ముందే చోటు ఉంచడం ముఖ్యం. బొమ్మకి విడ్త్, హైట్ రాయకపోతే బటన్ నొక్కబోయే సమయానికి బొమ్మ లోడై, బటన్ కిందికి జారి, వేలు ఇంకెక్కడో పడుతుంది. బొమ్మ ట్యాగ్‌లో ఆ రెండు అంకెలు రాయండి, సీఎస్ఎస్‌లో మ్యాక్స్-విడ్త్ 100 శాతం, హైట్ ఆటో పెట్టండి.

అపోహ: కమీషన్ సంగతి లేత బూడిద రంగులో, చిన్న అక్షరాలతో అడుగున పడేస్తే చాలు.

వాస్తవం: చాలదు. ఆ మాట స్పష్టంగా చెప్పమని అమెజాన్ ఒప్పందంలోనే ఉంది. ప్రచారం చేసేవాళ్ళకి అమ్మేవాళ్ళతో సంబంధం ఉంటే బయటపెట్టాలని మన కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలూ చెబుతున్నాయి. నేను మొదటి లింకుకి పైనే, మిగతా పేజీ సైజులోనే రాస్తాను. దానికంటూ సీఎస్ఎస్‌లో వేరే క్లాస్ (విడి రూపం) కూడా పెట్టను.

ఆ కమీషన్ మాట చదివి మొన్న మా పిన్ని ఫోన్ చేసి "కుక్కర్ నీ లింకులోంచే కొంటాలేరా, పంపు" అంది. సొంతవాళ్ళు కొంటే అమెజాన్ కమీషన్ ఇవ్వదని ఒప్పించేసరికి పది నిమిషాలు పట్టింది.