శాంతి చదువుకు స్కాలర్‌షిప్: మన దగ్గర తిరిగే అపోహలు, అసలు సంగతులు

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెబుతాను. పీజీకి విదేశాలకు పోదామనుకునే పిల్లల దరఖాస్తులు దిద్దడం, అప్పుడప్పుడు స్థానిక ఎంపిక ఇంటర్వ్యూల్లో కూర్చోవడం కూడా నా పనిలో కలిసిపోయాయి. పీస్ అండ్ కాన్‌ఫ్లిక్ట్ స్టడీస్‌కు, అంటే శాంతి-సంఘర్షణల అధ్యయనానికి, దరఖాస్తు పెట్టేవాళ్ళు మన వైపు తక్కువే. దాని గురించి తిరిగే మాటలు మాత్రం చాలా ఉన్నాయి.

అపోహ: అది ధ్యానం, గాంధీగారి సూక్తులు చెప్పే కోర్సు.

వాస్తవం: గాంధీ ఉంటాడు, కాకపోతే సూక్తుల్లో కాదు. సహాయ నిరాకరణ ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు అన్న ప్రశ్నగా ఉంటాడు. నార్వే పండితుడు యోహాన్ గాల్తుంగ్ 1969లో ఒక మాట అన్నాడు: తుపాకీ పేలకపోవడం ఒక్కటే శాంతి కాదు, మనుషుల్ని ఆకలికీ అవమానానికీ గురిచేసే వ్యవస్థ కూడా హింసే. ఈ చదువు చాలావరకు ఆ మాట చుట్టూ నడుస్తుంది. కాల్పుల విరమణ ఎట్లా రాస్తారు, చర్చలకు ఎవర్ని పిలవాలి, నిర్వాసితులకు ఏం చెల్లించాలి, లొంగిపోయినవాడు మళ్ళీ ఊళ్ళో ఎట్లా బతకాలి, ఇవీ పాఠాలు. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1973 నుంచి దీన్ని చెబుతోంది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం ప్రపంచంలో ఏ సాయుధ ఘర్షణలో ఏటా ఎంతమంది చనిపోయారో లెక్క కడుతుంది. ఏడాదికి కనీసం 25 మంది పోరులో చనిపోతేనే ఆ లెక్కలోకి ఎక్కుతుంది. మన మావోయిస్టు ఘర్షణ కూడా ఆ పట్టికలో ఉంది.

అపోహ: "మనది ఊరు సార్, గాజా గురించో సిరియా గురించో రాస్తేనే గదా తీసుకుంటరు."

వాస్తవం: దరఖాస్తులు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటున్నాయి, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. 1978లో రైతు కూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆదివాసీల మీద పోలీసు కాల్పులు, 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ జరిగిన చర్చలు, ఆ చర్చల దాకా రావడానికి మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో పౌర స్పందన వేదిక ఏళ్ళ తరబడి చేసిన పని, 2017 చివర్లో ఆదిలాబాద్ జిల్లాలో ఆదివాసీలకూ లంబాడాలకూ మధ్య రేగిన ఘర్షణ, ఓపెన్‌కాస్ట్ గనుల కింద పోయిన ఊళ్ళు. ఇంత సరుకు ఇంటి ముందు పెట్టుకుని సిరియా గురించి వార్తల్లో చదివింది రాస్తే ఎంపిక చేసేవాళ్ళకు ఏం ఆసక్తి కలుగుతుంది?

ములుగు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి దరఖాస్తు వ్యాసం చిత్తుప్రతి చూశాను. మొదటి వాక్యం: "అనాదిగా మానవుడు శాంతిని కోరుకుంటూనే ఉన్నాడు." రెండు పేజీలు అదే ధోరణి. చివర్లో, వ్యాసంగాల కింద, షటిల్ ఆట పక్కన ఒక ముక్క: ఊళ్ళో అటవీ హక్కుల కమిటీకి దరఖాస్తులు రాసిపెట్టాను. అడిగితే చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉన్న పోడుకే హక్కు. ఒకే చెలకకు రెండు కుటుంబాలు ఫారాలు నింపాయి. తాత కొట్టిన పోడు అని ఒకరు, నడుమ పదేళ్ళు దున్నింది మేమే అని ఇంకొకరు. ఈమె ఇద్దరినీ వేర్వేరుగా కూర్చోబెట్టి ఎవరు ఏ ఏడు ఏ పంట వేశారో కాగితం మీద గీసింది. ఆ గీత పట్టుకునే గ్రామసభలో హద్దు తేలింది. షటిల్ ఆట పక్కన పడేసిన ఈ సంగతిని తెచ్చి మొదటి పేరా చేయమన్నాను. మానవుడు, అనాది అంతా కొట్టేయించాను.

ఇంటర్వ్యూలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "అవతలి పక్షం వాదన వాళ్ళ నోటితో చెప్పినట్టు చెప్పు." పోడు గురించి రాసినవాళ్ళు ఫారెస్టు బీట్ ఆఫీసర్ తరఫున రెండు నిమిషాలు మాట్లాడగలగాలి. తన ఉద్యోగం, పైనుంచి వచ్చే మెమోలు, తను నాటించిన మొక్కలు పీకేసినప్పుడు వచ్చే కోపం. అది చెప్పలేక "వాళ్ళంతా దుర్మార్గులు సార్" అంటే, ఆవేశం ఎంత నిజమైనా సరే, ఈ చదువుకు ఇంకా సిద్ధం కాలేదనే నేను రాస్తాను. కఠినమనిపించొచ్చు. కానీ రేపు అక్కడ చేసే పనే అది.

అపోహ: "మా బాపు రోటరీల ఉన్నడు, మనకు పక్కా వస్తది."

వాస్తవం: రోటరీ అంటే ఊరూరా క్లబ్బులున్న అంతర్జాతీయ సేవాసంస్థ, దాని ఫౌండేషన్ ఈ చదువుకు స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. కానీ బాపు రోటరీలో ఉంటే రాదు. సభ్యుల పిల్లలు, మనవలు, జీవిత భాగస్వాములు, క్లబ్బు ఉద్యోగులు రోటరీ ఫౌండేషన్ స్కాలర్‌షిప్‌లకు అనర్హులు. ఈసారికి సభ్యత్వం మానేస్తే సరిపోతుందా అంటే అదీ కుదరదు, మానేసిన తర్వాత 36 నెలలు అదే నిబంధన వర్తిస్తుంది.

రోటరీలోనే రెండు దారులున్నాయి, జనం వాటిని కలిపేస్తుంటారు. పీస్ ఫెలోషిప్ ప్రపంచస్థాయి పోటీ. మాస్టర్స్‌కు ఏటా 50 మంది వరకే తీసుకుంటారు, కనీసం మూడేళ్ళ పని అనుభవం కావాలి, సొంత దేశంలో చదవకూడదు. ఫీజు, వసతి, రానుపోను ప్రయాణం అంతా వాళ్ళదే. రెండోది గ్లోబల్ గ్రాంట్ స్కాలర్‌షిప్. ఇది మన దగ్గరి క్లబ్బు, మన రోటరీ డిస్ట్రిక్ట్ (అంటే క్లబ్బుల సమూహం, మన జిల్లా కాదు) ద్వారా నడిచేది. బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. మీరు చదవబోయే ఊళ్ళో కూడా ఒక క్లబ్బు చేయి కలపాలి. అందుకే నెలల తరబడి సాగుతుంది. ముందు చేతిలో అడ్మిషన్ లెటర్ ఉండాలి, కోర్సు శాంతి స్థాపన అంశంతో ముడిపడాలి. ఏ క్లబ్బూ ఏటా ఇస్తుందని హామీ లేదు. చదువు మొదలయ్యేదానికి ఏడాది ముందే పోయి అడగండి. జూన్‌లో వీసా పట్టుకుని వచ్చి అడిగితే వాళ్ళు చేయగలిగేది టీ ఇవ్వడమే.

అపోహ: ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి ఇంజనీర్లకే.

వాస్తవం: కాదు. విదేశీ చదువుకు సాయం చేసే తెలంగాణ రాష్ట్ర పథకాల్లో సోషల్ సైన్సెస్, హ్యుమానిటీస్ డిగ్రీలు కూడా ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరున్న పథకం. డిగ్రీలో 60 శాతం మార్కులు, 35 ఏళ్ళలోపు వయసు, కుటుంబ ఆదాయం ఏటా 5 లక్షల లోపు, ఇంటికి ఒక్కరే. పథకం జాబితాలో ఉన్న దేశాలకే ఇస్తారు. కాబట్టి ముందు జాబితా చూసి తర్వాత యూనివర్సిటీ ఎంచుకోవాలి, చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

ఇంకో పెద్ద భ్రమ, ఈ పథకం ఇచ్చే 20 లక్షలు ముందే ఖాతాలో పడతాయని. మీరు అక్కడ దిగినట్టు కాగితం పంపితే మొదటి విడత, తొలి సెమిస్టర్ ఫలితాలు పంపితే రెండో విడత. అంటే వీసా కోసం చూపించే డబ్బు, మొదటి ఫీజు, డిపాజిట్, ఇవన్నీ మీరే సర్దుకోవాలి. బ్యాంకు లోను ముందే మాట్లాడుకోకుండా ఉద్యోగానికి రాజీనామా చేయొద్దు.

అపోహ: కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఏ అంశమైనా పెట్టొచ్చు.

వాస్తవం: 2022లో మార్చిన నిబంధనల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద అధ్యయనాలను తీసేశారు. నాకు ఇది నచ్చలేదు. ఇక్కడి కులం మీద, ఇక్కడి ఘర్షణ మీద పని చేయాలనుకునే పిల్లలకే సూటిగా తగిలే నిబంధన ఇది. కానీ ఉన్నది ఉన్నట్టు చదివి, మీ అంశం దేని కిందికి వస్తుందో చూసుకున్నాకే ఆ ఫారం ముట్టండి.

అపోహ: తెలుగు మీడియం వాళ్ళకు రాదు.

వాస్తవం: ఇంగ్లీషు వచ్చని చూపే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో రాష్ట్ర పథకం అడిగేది 6. చాలా విశ్వవిద్యాలయాలు 6.5 అడుగుతాయి. స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది, కాబట్టి మరీ ముందు రాయొద్దు. నేను చూసినంతలో ఇంగ్లీషు మీడియం పిల్లల వ్యాసాలు సాఫీగా ఉంటాయి, ఒకదానికొకటి తేడా ఉండదు. ముందు తెలుగులో రాయండి. చెప్పాల్సింది తేలాక ఇంగ్లీషులోకి మార్చడం ఒక నెల పని.

అపోహ: ఎమ్మెల్యే లెటర్ పెడితే బలం.

వాస్తవం: బలం లేదు, బరువే. మీ పని కళ్ళారా చూసిన హెచ్‌ఎం, ఎన్జీవో ఇన్‌ఛార్జి, లీగల్ సర్వీసెస్‌లో మీతో తిరిగిన వకీలు, వీళ్ళు రాసిన ఒక్క పేజీ చాలు.

అపోహ: "చదివొచ్చి ఏం జేస్తవ్ బిడ్డా, గ్రూప్-1 రాసుకోరాదు."

వాస్తవం: అమ్మానాన్నల భయం అర్థం లేనిది కాదు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగం అందరికీ రాదు. కానీ పునరావాసం, గిరిజన హక్కులు, శరణార్థుల పని చేసే సంస్థల్లో ఉద్యోగాలుంటాయి. 2023 మధ్యవర్తిత్వ చట్టం ఊరిలో, బస్తీలో శాంతిభద్రతలకు ముప్పు తెచ్చే తగాదాలను ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్‌తో తేల్చుకునే సామాజిక మధ్యవర్తిత్వాన్ని గుర్తించింది. అటువైపు శిక్షణ ఉన్నవాళ్ళు మన జిల్లాల్లో వేళ్ళ మీద లెక్కించేంత మందే.

విదేశమే పోవాలని కూడా ఏం లేదు. ఢిల్లీ జామియాలో నెల్సన్ మండేలా కేంద్రం, సిక్కిం విశ్వవిద్యాలయం ఈ సబ్జెక్టు చెబుతున్నాయి. ఫీజు విదేశాలతో పోలిస్తే పదో వంతు కూడా ఉండదు. ఇక్కడ పీజీ చేసి, మూడేళ్ళు పని చేసి, ఆ తర్వాత పీస్ ఫెలోషిప్‌కు పెట్టుకోవడం నేను ఎక్కువమందికి చెప్పే దారి.