నర్సు మనసు మొద్దుబారదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడలో ఇరవై ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. 2021 ఏప్రిల్, మే నెలలు కొవిడ్ వార్డులోనే గడిచాయి. బెజవాడ ఎండల్లో పీపీఈ కిట్టు తొడుక్కుని గంటల తరబడి నీళ్లు తాగకుండా పనిచేసిన సంగతి అందరూ చెప్పుకున్నారు. మనసుకు ఏమైందో మాత్రం ఎవరూ సరిగా చెప్పుకోలేదు.

అపోహ: నర్సులకు చావులు అలవాటే.

వాస్తవం: చావు చూడటం అలవాటవుతుందేమో గానీ, అప్పటి చావులు వేరు. మామూలు రోజుల్లో మంచం చుట్టూ అయినవాళ్లు ఉంటారు. కొవిడ్ వార్డులో అయినవాళ్లమూ మేమే. రోగుల ఫోన్లు, కళ్లజోళ్లు పేర్లు రాసిన ప్లాస్టిక్ కవర్లలో పెట్టి మా బల్ల మీద ఉంచేవాళ్లం. ఒక తెల్లవారుజామున, అంతకు కాసేపటి ముందే కన్నుమూసిన పెద్దాయన ఫోను కవరులో వెలిగింది. ‘చిన్నమ్మాయి’ అని కనిపించింది. డాక్టరు గారు చెప్పాల్సిన కబురు అది. ఫోను ఆగేదాకా చూస్తూ నిలబడ్డాను. మళ్లీ మోగింది. ఆ రింగ్‌టోన్ ఎక్కడ వినిపించినా ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

అపోహ: విసుక్కునే నర్సుకు జాలి లేదు.

వాస్తవం: ఒకప్పుడు అందరికంటే ఎక్కువ జాలిపడిన మనిషే ఆమె కావచ్చు. ఎదుటివారి బాధను మోసీ మోసీ జాలిపడే శక్తి ఇంకిపోవడాన్ని కంపాషన్ ఫెటీగ్ అంటారు. కొవిడ్‌తో పుట్టిన మాట కాదిది. 1992లోనే కార్లా జాయిన్సన్ నర్సుల గురించి రాస్తూ వాడారు. రోగిని పేరుతో కాక బెడ్ నంబరుతో తలచుకోవడం, బెల్లు మోగితే చిరాకు పుట్టడం, ఇంటికి వెళ్లాక సొంత పిల్లలతోనే మాట్లాడబుద్ధి కాకపోవడం దీని గుర్తులు.

అపోహ: వారం రోజులు సెలవిస్తే సర్దుకుంటుంది.

వాస్తవం: ఒంటి అలసటకు సెలవు మందే. కానీ నిద్రలో వార్డు కనిపించడం, మానిటర్ అలారం లాంటి శబ్దానికి ఉలిక్కిపడటం, ఆసుపత్రి దారిలో వెళ్లలేకపోవడం నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యులను కలవాలి. ఇంకొక బాధ ఉంది. ఏం చేయాలో తెలిసీ, పడక లేకనో ఆక్సిజన్ చాలకనో చేయలేకపోయిన బాధ. ‘నీ తప్పు కాదు’ అని ఒక్క మాట అంటే అది పోదు. అక్కడ ఉన్నవాళ్లతో కూర్చుని, జరిగింది జరిగినట్టు బయటికి చెప్పుకోనివ్వాలి.

అపోహ: నర్సులు దేవతలు.

వాస్తవం: 2020 మార్చి 22 సాయంత్రం ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత కొన్నాళ్లకే నాతో పనిచేసే అమ్మాయిని ఇంటి యజమాని గది ఖాళీ చేయమన్నారు. దేవతలని అన్నాక ఏడవడానికి కూడా మాకు చోటు ఉండదు. మనుషులమనే అనండి, చాలు.

అపోహ: మానసిక వైద్యం తీసుకుంటే నలుగురికీ తెలిసిపోతుంది.

వాస్తవం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నైట్ డ్యూటీ మధ్యలోనైనా సరే, చేయండి.