కుందేలుకు గింజ కన్నా ఆకే మేలు

కుందేళ్ల షెడ్డు నడిపేవాళ్లను ఎవరిని అడిగినా ఖర్చులో సింహభాగం మేతదే అంటారు. గుళికల దాణా ధర పెరిగినప్పుడల్లా చాలామంది దాన్ని తగ్గించి, చవగ్గా దొరికే నూకలో మొక్కజొన్న పిండో కలుపుతుంటారు. ఖర్చు తగ్గించుకోవాలనుకోవడం సబబే. కానీ కుందేలు కడుపు గింజల కోసం ఏర్పడింది కాదు.

దాని చిన్నపేగు చివర ఉండుకం అనే పెద్ద సంచి ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు ఆకుల పీచును పులియబెడతాయి. ముతక పీచు గట్టి పెంటికలుగా త్వరగా బయటికి పోతుంది. మెత్తటి నుసి, నీరు మాత్రం వెనక్కి మళ్లి ఉండుకంలోకి చేరతాయి. అక్కడ తయారైన మెత్తటి పెంటికలను, అవి మలద్వారం నుంచి వస్తుండగానే, కుందేలు నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. సూక్ష్మజీవుల ప్రోటీన్, బి విటమిన్లు దానికి అలా అందుతాయి. కొత్తగా పెంచేవాళ్లు ఇది చూసి ఏదో జబ్బనుకుంటారు. నిజానికి ఆ అలవాటు మానేస్తేనే కంగారు పడాలి.

పిండిపదార్థం ఎక్కువైతే ఈ ఏర్పాటంతా దెబ్బతింటుంది. పాలు మాన్పిన కొత్తలో పిల్లలకు పిండిని పూర్తిగా అరిగించుకునే శక్తి ఉండదు. మిగిలింది ఉండుకంలోకి చేరితే క్లాస్ట్రీడియం జాతి బ్యాక్టీరియా విజృంభించి విషాన్ని వదులుతుంది. నీళ్ల విరేచనాలు పట్టుకుని, చూస్తుండగానే పిల్లలు చనిపోతాయి. అందుకే మేతలో పీచు 14 శాతానికి తగ్గకుండా చూసుకోవాలి. చవక మేత వెతికేటప్పుడు నేను ముందు చూసేది ఇదే.

ఆ లెక్కన మన పొలాల్లోనే బోలెడు సరుకుంది. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగుల కోసం వేసే మల్బరీ ఆకును కుందేళ్లు ఎంతో ఇష్టంగా తింటాయి. ఎండు బరువులో 15 నుంచి 25 శాతం దాకా ప్రోటీన్ ఉండే ఆకు అది. పురుగులు తినగా మిగిలిందని బుట్టల్లోంచి ఎత్తి వేయకండి, తోటలో ముదిరి మిగిలిన ఆకునే కోసుకోండి. మందు కొట్టిన తోటైతే దాని గడువు దాటేదాకా ఆగాలి. గట్ల మీద దశరథ గడ్డి, అవిస, మునగ పెంచుకోవచ్చు. పిల్లిపెసర, చిలగడదుంప తీగలు కూడా బాగా పనికొస్తాయి. పీచు కోసం వేరుశనగ కట్టె, కందిపొట్టు ఉండనే ఉన్నాయి. సుబాబుల్‌తో మాత్రం జాగ్రత్త. ప్రోటీన్ దండిగా ఉన్నా అందులోని మిమోసిన్ వల్ల బొచ్చు రాలుతుంది, సంతానోత్పత్తి దెబ్బతింటుంది. ఎదిగేవాటికి కొద్దిగా పెట్టొచ్చు గానీ తల్లులకు వద్దే వద్దు.

తల్లుల సంగతి వేరు. చూలు 31 రోజులే. ఈనాక అది రోజుకు ఒక్కసారి, కొన్ని నిమిషాలే పాలిస్తుంది. ఆవుపాలలో ప్రోటీన్ 3 శాతం చిల్లర ఉంటే కుందేలు పాలలో 12 శాతం దాకా ఉంటుంది. పచ్చి ఆకులో ముప్పాతిక వంతు నీరే కాబట్టి, ఎంత మేసినా అన్ని పాలకు కావలసిన శక్తి ఆకుల నుంచే రాదు. కొన్న దాణా పాలిచ్చే తల్లికి సరిపడా పెట్టి, పొదుపంతా ఎదిగే పిల్లల దగ్గర, ఖాళీగా ఉన్న తల్లుల దగ్గర చేసుకోవడం మంచిది. మేత మార్చడం కూడా వారం పది రోజుల మీద, కొంచెం కొంచెంగా జరగాలి.

ఇక వేరుశనగ చెక్క. ధరకు తగ్గ ప్రోటీన్ ఇస్తుంది, నిజమే. కానీ బూజు పట్టిన చెక్కలో ఉండే అఫ్లటాక్సిన్‌కు కుందేలు త్వరగా లొంగిపోతుంది, కాలేయం పాడవుతుంది. ఎండబెట్టినంత మాత్రాన ఆ విషం పోదు. వాసన తేడాగా ఉన్న చెక్కను ఎంత తక్కువకు ఇస్తానన్నా కొనకండి.