తీవ్ర బాల్య స్థూలకాయం, ప్రభుత్వ జోక్యం: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పిల్లల వైద్యం చేస్తున్న నన్ను ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఒక్కోసారి దగ్గరి బంధువులు కూడా అడిగే ప్రశ్న ఒకటుంది: "పిల్లవాడు ఇంత లావైపోతున్నా ఇంట్లోవాళ్లు పట్టించుకోకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవచ్చా?" ఈ ప్రశ్న వెనుక ఆ పిల్లవాడి మీద నిజమైన బెంగ ఉంటుంది, దానితోపాటు కొన్ని అపోహలూ ఉంటాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. బిడ్డ ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు ప్రభుత్వం కలగజేసుకోవాల్సిందే, అయితే ఆ పని వైద్యంతో మొదలు కావాలి.

అపోహ: బొద్దుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే, ఎదిగేకొద్దీ ఆ ఒళ్లు తగ్గిపోతుంది.

కాస్త ఒళ్లు చేసిన పిల్లల గురించి ఇక్కడ చర్చ లేదు. ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే అంకె బీఎంఐ. అదే వయసు, లింగం పిల్లల్లో నూటికి 95 మంది ఏ బీఎంఐకి లోపు ఉంటారో అది 95వ పర్సెంటైల్. బిడ్డ బీఎంఐ దానికి 120 శాతమో, అంతకు మించో ఉంటే దానిని తీవ్ర స్థూలకాయం అంటాము. ఈ స్థితిలో కాలేయానికి కొవ్వు పట్టడం, అధిక రక్తపోటు, టైప్ 2 మధుమేహం, తుంటి దగ్గర ఎముక జారడం వంటివి బాల్యంలోనే మొదలు కావచ్చు. మెడ చుట్టూ మఖమల్ గుడ్డలా నల్లగా, మందంగా మారిన చర్మాన్ని మురికి అనుకొని, నలుగుపిండితో రుద్ది రుద్ది కందిపోయేలా చేసి తీసుకువచ్చే అమ్మమ్మలు ఉన్నారు. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. "గురక పెట్టి హాయిగా పడుకుంటాడు బాబూ" అని తృప్తిగా చెప్పే మాట వెనుక నిద్రలో ఊపిరి ఆగి ఆగి నడిచే జబ్బు ఉండవచ్చు. అటువంటి పిల్లవాడు పగలు తరగతిలో తూలిపోతుంటే బడిలో దానిని సోమరితనం కింద జమకడతారు. ప్రాణానికి ముప్పు అని నేను అంటున్నది ఇటువంటి స్థితినే.

అపోహ: అంత లావయ్యాడంటే ఇంట్లో అతిగా తినిపిస్తున్నట్టే.

ఎక్కువమంది పిల్లల్లో తిండి, కదలిక లేని రోజు, చాలని నిద్ర, వంశపారంపర్యంగా వచ్చిన శరీరతత్వం కలిసి పనిచేస్తాయన్నది నిజమే. కానీ ఐదేళ్ల లోపే మొదలైన తీవ్ర స్థూలకాయాన్ని చూసినప్పుడు జన్యు కారణం ఉందేమోనని వెతకాలి. ఆకలి తీరిందని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోను పుట్టుకతోనే లేని ఇద్దరు పిల్లలను 1997లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు గుర్తించారు. ఆ హార్మోను ఇంజెక్షన్లు మొదలుపెట్టాక బరువు తగ్గడం 1999లో ప్రచురితమైంది. 16వ క్రోమోజోములో ఒక చిన్న భాగం లోపించడం వల్ల విపరీతంగా బరువు పెరిగిన పిల్లలను అదే కేంబ్రిడ్జ్ బృందం 2009లో వెల్లడించింది. తల్లిదండ్రులు కావాలనే అతిగా తినిపిస్తున్నారన్న అనుమానంతో ఆ పిల్లల్లో కొందరి పేర్లను అక్కడి సామాజిక సేవల విభాగం అప్పటికే ప్రమాదంలో ఉన్న పిల్లల జాబితాలో చేర్చింది, కారణం తెలిశాక తొలగించింది. ఆ తల్లులు అంతకాలం మోసిన నిందను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ అనే జన్యు లోపం ఉన్న శిశువు పుట్టినప్పుడు మెత్తగా వాలిపోతూ, పాలు పీల్చలేక చిక్కిపోతుంది, కొన్నేళ్ల తరువాత ఎంత తిన్నా తీరని ఆకలి మొదలవుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు వంటగదికి తాళం వేయాల్సి వస్తుంది. ఆ తాళం చూసిన ఇరుగుపొరుగువారు బిడ్డను మాడుస్తున్నారంటారు, బిడ్డ ఒళ్లు చూసినవారు మేపుతున్నారంటారు, నిజానికి ఆ తల్లి చేస్తున్నది వైద్యులు చెప్పిన పనే. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్లు కూడా బరువు పెంచుతాయి. అందుకే నేను బరువు చూడగానే ఎత్తు చూస్తాను. తిండి వల్ల లావైన పిల్లలు సాధారణంగా ఈడుకు తగినంతో, ఇంకాస్త ఎక్కువో ఎత్తు ఉంటారు. లావుగా ఉండి ఎత్తు ఎదగని బిడ్డకు థైరాయిడ్ మొదలుకొని హార్మోన్ పరీక్షలన్నీ జరగకుండా తల్లిదండ్రుల మీద ఒక్క మాట కూడా రాయకూడదు.

అపోహ: మన జిల్లాల్లో సమస్య బక్కచిక్కిన పిల్లలదే.

రెండూ మన సమస్యలే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. ఎత్తు ఎదగనివారు అదే రెండో సర్వేలో 35.5 శాతం. సంఖ్య చిన్నదైనంత మాత్రాన ఆ పిల్లల బాధ చిన్నది కాదు.

అపోహ: జోక్యం అంటే బిడ్డను ఇంటి నుంచి తీసుకుపోవడమే.

ఈ భయం అమెరికా వార్తల నుంచి వచ్చింది. 2011లో ఒహాయోలో తొంభై కిలోలకు పైగా ఉన్న ఎనిమిదేళ్ల బాలుణ్ని తల్లి దగ్గర నుంచి వేరు చేశారు, మరుసటి ఏడాది తిరిగి తల్లికే అప్పగించారు. అంతకుముందు 2000లో న్యూ మెక్సికోలో మూడేళ్ల పాపను తీసుకువెళ్లి కొన్ని నెలలకు వెనక్కి పంపారు. 2011లోనే జామా అనే వైద్య పత్రికలో డేవిడ్ లుడ్విగ్, లిండ్సే ముర్టా రాసిన వ్యాసం పెద్ద దుమారం రేపింది. ప్రాణాపాయం ఉన్న కొద్దిమంది విషయంలో తాత్కాలికంగా వేరు చేయడాన్ని ఆలోచించవచ్చని వారు రాశారు, అయితే ముందుగా ఇంటికే సాయం అందించాలని కూడా రాశారు. వార్తల్లో ఆ రెండో మాట నిలవలేదు.

మన చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లలను సంస్థలో ఉంచడం చివరి మార్గం మాత్రమే. రక్షణ అవసరమైన పిల్లల కేసులు చూసే బాలల సంక్షేమ కమిటీ ఎదుటకు వచ్చిన బిడ్డను శిశు సంక్షేమాధికారి పర్యవేక్షణతో తల్లిదండ్రుల దగ్గరే ఉంచే వీలు 37వ సెక్షన్‌లో ఉంది. తీవ్ర స్థూలకాయానికి నాకు సరైన దారిగా కనిపించేది అదే. బిడ్డ ఇంట్లోనే ఉంటుంది, వైద్యం ఆగకుండా చూసే బాధ్యత ఒక అధికారి మీద ఉంటుంది. కొత్త ఇంట్లో దిగులుతో నాలుగు కిలోలు తగ్గిన పిల్లవాడు తిరిగి వచ్చేది అదే వంటగదికి, అదే వీధికి కాబట్టి, ఆ రెండింటినీ మార్చకుండా బిడ్డను మార్చాలనుకోవడం వైద్యంగా నిలవదు.

అపోహ: ఇంటి తిండి ఇంటివారి ఇష్టం, ప్రభుత్వానికేం పని?

బడిలో మధ్యాహ్న భోజనం, రాగిజావ, గుడ్డు పెడుతున్నది ప్రభుత్వమే. బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలు అమ్మకూడదని 2020లో నిబంధన తెచ్చినదీ ప్రభుత్వమే. 2025 సెప్టెంబరులో తీపి కూల్‌డ్రింకులపై జీఎస్టీ 40 శాతానికి చేరింది, అదే రోజున బిస్కెట్లు, చాక్లెట్లపై 5 శాతానికి దిగింది. పిల్లల చేతిలోకి ఏది చౌకగా రావాలో నిర్ణయిస్తున్న ప్రభుత్వం, దాని వల్ల జబ్బుపడిన బిడ్డ విషయంలో మాత్రం తల్లిని ఒంటరిగా నిలబెట్టడం న్యాయం కాదు. "ఆడు అడిగితే నేను లేదనగలనేటి బాబూ?" అని కళ్లనీళ్లు పెట్టుకున్న నాయనమ్మకు కావాల్సింది నోటీసు కాదు. ఇంట్లో అందరికీ ఒకే వంట, ఒకే మాట ఉండేలా కూర్చోబెట్టి నేర్పే మనిషి కావాలి.

అపోహ: ప్రేమగా చూసుకునే తల్లిదండ్రుల మీద నిర్లక్ష్యం అనే మాట వాడకూడదు.

ఇది అన్నిటికన్నా కష్టమైన విషయం. ఇంగ్లండ్‌లోని వెస్ట్ ససెక్స్‌లో తీవ్ర స్థూలకాయం ఉన్న ఇద్దరు తోబుట్టువులను వేరే కుటుంబం పెంపకానికి, అంటే ఫోస్టర్ కేర్‌కు పంపుతూ ఇచ్చిన తీర్పు 2021లో వెలువడింది. ఆ తల్లిదండ్రులు పిల్లలను ప్రేమించేవారేనని న్యాయమూర్తే అన్నారు. అందించిన సాయాన్ని ఎంతకాలం గడిచినా ఆ కుటుంబం వినియోగించుకోకపోవడమే అక్కడ ప్రధానాంశం. బరువు ఒక్కటే పిల్లల రక్షణ సమస్య కాదనీ, మార్పును పదేపదే నిరాకరించడం, వైద్యానికి సహకరించకపోవడం ఆందోళన కలిగించాల్సిన అంశాలనీ 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పిల్లల వైద్యులు రాసిన విశ్లేషణను నేను ప్రమాణంగా తీసుకుంటాను.

అయితే మన దగ్గర రానివారు, రాలేనివారు అని రెండు రకాలు ఉంటారు. పాలకొండ వైపు నుంచి విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు హార్మోన్ల డాక్టరు కోసం వెళ్లాలంటే బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి పోతాయి. రెండుసార్లు రాకపోతే కేసు షీటులో "సహకరించడం లేదు" అని రాసేస్తారు, ఆ రెండు మాటలే తరువాత కమిటీ ముందు సాక్ష్యంగా నిలుస్తాయి. అందువల్ల నేను నివేదిక రాయాల్సి వస్తే పిలిచిన తేదీలతోపాటు వారు రాలేకపోయిన కారణాన్ని కూడా వారి మాటల్లోనే రాస్తాను, ఛార్జీలకు ఎవరైనా సాయం చేశారా, ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లారా అన్నది రాస్తాను. ఇవన్నీ జరిగాక కూడా, నిద్రలో ఊపిరి ఆగుతున్న బిడ్డకు పరీక్ష చేయించడానికి తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే, అప్పుడు కమిటీకి తెలియజేయడానికి వెనుకాడను.