మట్టి గాలిలో లోతునీటి జాడ

1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించిన ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ పేరు హీలియం చరిత్రలో మొదటి పుటలోనే వస్తుంది. సూర్యకాంతి వర్ణపటంలో కనిపించిన ఒక పసుపు గీత కొత్త మూలకానిదన్న ఊహ ఇంగ్లండులో నార్మన్ లాకయర్‌ది అయినా, మనం గుంటూరు పేరే గర్వంగా చెప్పుకుంటాం. భూమి మీద ఆ వాయువును విలియం రామ్సే 1895లో ఒక యురేనియం ఖనిజం నుంచి రాబట్టాడు. యురేనియం, థోరియం క్షీణిస్తూ వెలువరించే ఆల్ఫా కణం హీలియం కేంద్రకమేనని రూథర్‌ఫర్డ్ నిరూపించాక, ఆ వాయువు రాతిలోకి ఎలా చేరిందో అర్థమైంది.

లోతునీటి అన్వేషణకు పునాది ఇక్కడే ఉంది. వేల ఏళ్లుగా రాతి పొరల్లో నిలిచిన నీటిలో హీలియం పోగవుతూనే ఉంటుంది. ఆ నీరు పగుళ్ల వెంట పైకి వచ్చి ఒత్తిడి తగ్గగానే, సోడా సీసా మూత తీసినట్టు, వాయువు విడివడి మట్టిలోకి చేరుతుంది. యురేనియం క్షీణతలోనే పుట్టే మరో రేడియోధార్మిక వాయువు రేడాన్ సంగతి వేరు. దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం క్షీణించే కాలం, 3.8 రోజులే కనుక, కార్బన్ డయాక్సైడ్ వంటి మరో వాయువు వేగంగా మోసుకొస్తే తప్ప అది ఎంతో లోతు నుంచి పైదాకా రాలేదు. యురేనియం ఎక్కువున్న గ్రానైటు నేలలో పగులేమీ లేకపోయినా రేడాన్ దండిగా దొరుకుతుంది. కాబట్టి రేడాన్ ఒక్కదాన్నే నమ్మి పటంలో భ్రంశరేఖ (భూమి పొరలు పగిలి జరిగిన గీత) గీయడం తొందరపాటే.

నమూనా సేకరణ చూడడానికి చాలా సాదా పని. బోలు ఇనుప గొట్టాన్ని సుమారు మీటరు లోతుకు సుత్తితో దిగగొట్టి, పైచివర నుంచి సిరంజితో మట్టి గాలిని లాగుతారు. చిక్కంతా కొలతలో ఉంది: మామూలు గాలిలోనే హీలియం పది లక్షల భాగాలకు 5.24 ఉంటుంది, వెతికే తేడా తరచు అందులో స్వల్ప భాగమే. పైగా వాన కురిసి నేల తడిసినా, వాతావరణ పీడనం మారినా లెక్క తారుమారవుతుంది.

1966 తాష్కెంట్ భూకంపానికి ముందు లోతైన బావినీటిలో రేడాన్ పెరిగిందని సోవియట్ శాస్త్రవేత్తలు ప్రకటించాక ఈ వాయువులపై ఆసక్తి ఊపందుకుంది. మన దేశంలో అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల ఉత్తర గుజరాత్‌లో విస్తృతంగా సర్వే చేసింది. అక్కడి ఖంభాత్ బేసిన్ (అవక్షేపాలు నిండిన పల్లపు ప్రాంతం) అంచు భ్రంశాల దగ్గర భూగర్భజలంలో అధిక హీలియం, అధిక ఉష్ణోగ్రత జంటగా కనిపించాయి. పోగైన హీలియాన్ని బట్టి నీటి వయసు లెక్కించవచ్చు. అయితే అడుగు నుంచి అదనంగా వచ్చి కలిసే హీలియం నీటిని ఉన్న వయసు కన్నా పాతదిగా చూపగలదు కాబట్టి, అక్కడి పరిశోధకులు రేడాన్‌నూ, వయసు లెక్కకు వాడే రేడియోధార్మిక కార్బన్-14నూ తోడు తీసుకునే ఆ నీటి వయసు అంచనా వేశారు.