ఐరోపా విశ్వవిద్యాలయాల మీద ఎవరి పెత్తనం? అపోహలు - వాస్తవాలు

జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయంలో విదేశీ పట్టాలను పరిశీలించడం నా ఉద్యోగం. మనవాళ్ల దరఖాస్తుల్లో తరచూ ఎదురయ్యే కొన్ని అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: ఐరోపా ఉన్నత విద్యను బ్రస్సెల్స్ (అంటే అక్కడ కేంద్రంగా ఉన్న ఐరోపా యూనియన్) నడిపిస్తుంది.

వాస్తవం: విద్యలో సభ్యదేశాల చట్టాలను ఏకరూపం చేసే అధికారం ఐరోపా యూనియన్‌కు లేదు. పట్టాల తీరును దేశాల మధ్య పోల్చదగినట్టు చేసుకోవాలని 1999 జూన్‌లో 29 దేశాలు సంతకం చేసిన బొలోన్యా ప్రకటన కూడా చట్టం కాదు, ప్రభుత్వాలు స్వచ్ఛందంగా ఇచ్చుకున్న మాట మాత్రమే. అందుకే యూనియన్‌లో లేని నార్వే, తుర్కియే, కజకిస్థాన్ కూడా అందులో ఉన్నాయి.

అపోహ: బీటెక్‌లో 160 క్రెడిట్లే ఉంటాయి కనుక, 180 ఐరోపా క్రెడిట్లు అడిగే మాస్టర్స్‌కు అది చాలదు.

వాస్తవం: ఈ భయం నిండిన ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. మన లెక్కలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ పొడవునా వారానికి ఒక గంట పాఠం. ఐరోపా క్రెడిట్ అంటే తరగతి, ఇంటి దగ్గర చదువు, పరీక్షల తయారీ అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల శ్రమ, ఏడాదికి అలాంటివి 60. మానికతో కొలిచిన బియ్యాన్నీ, కిలోల్లో తూచిన బియ్యాన్నీ అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చలేము కదా. అందుకే ఫైలు తెరవగానే నేను మొత్తం క్రెడిట్ల దగ్గర ఆగను. గణితం, సిగ్నల్స్ వంటి సబ్జెక్టులకు సిలబస్ పుటలు జతచేశారా అని వెతుకుతాను. పట్టాల పరస్పర గుర్తింపు కోసం 1997లో కుదిరిన లిస్బన్ ఒప్పందంలోని దేశాల మధ్య, చదువులో గణనీయమైన తేడా ఉందని నిరూపించే భారం పరిశీలించే సంస్థదే. భారత్ ఆ ఒప్పందంలో లేదు కనుక, మన విద్యార్థికి ఆ నాలుగు పుటలే అండ. అవి లేక మంచి ఫైళ్లు పక్కకు వెళ్లిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అపోహ: జర్మనీలో ఫీజులు లేకపోవడం దేశమంతటికీ వర్తించే శాశ్వత చట్టం.

వాస్తవం: ఫీజులపై కేంద్రం విధించిన నిషేధాన్ని రాజ్యాంగ న్యాయస్థానం 2005లో కొట్టివేసింది. తరువాత ఏడు రాష్ట్రాలు ఫీజులు పెట్టి, ప్రజావ్యతిరేకత వల్ల ఒక్కొక్కటిగా ఎత్తివేశాయి. చివరిది 2014లో లోయర్ సాక్సనీ. బాడెన్-వుర్టెంబర్గ్ మాత్రం 2017 నుంచి యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1500 యూరోలు తీసుకుంటోంది.

అపోహ: స్వయంప్రతిపత్తి ఇచ్చారంటే ప్రభుత్వం చేతులు దులుపుకొన్నట్టే.

వాస్తవం: ఫిన్లాండ్‌లో 2010 నుంచి విశ్వవిద్యాలయాలు ప్రభుత్వ శాఖలో భాగం కాని స్వతంత్ర సంస్థలయ్యాయి, కానీ ప్రధాన ఆదాయం నేటికీ ప్రభుత్వానిదే. డెన్మార్క్‌లో 2003 చట్టంతో, ఒకప్పుడు ఎన్నికయ్యే రెక్టార్‌ను (విశ్వవిద్యాలయ అధిపతిని) బయటివారు మెజారిటీగా ఉండే బోర్డు నియమిస్తోంది. సంస్థ స్వేచ్ఛ పేరుతో అధ్యాపకుల మాటకు విలువ తగ్గించడం సరికాదని నా అభిప్రాయం. ఆస్ట్రియాలో డబ్బును ఎలా ఖర్చు చేయాలో విశ్వవిద్యాలయమే నిర్ణయించుకుంటుంది, అయితే ఎంత డబ్బు, ఏ లక్ష్యాలకు అన్నది మాత్రం మూడేళ్లకోసారి మంత్రిత్వశాఖతో కూర్చుని ఒప్పందం రాసుకోవలసిందే.